గదిలో మాయమైన షడ్జం

పోయినేడు దసరా ముందు ఒక రాత్రి హార్మోనియం ట్రాక్ పట్టుకుని పావుగంట కూర్చున్నాను. సౌండ్ ముక్కుతో పలికినట్టుంది, చెవిలో గుచ్చుకుంటోంది అనిపించింది. ఈక్యూ (సౌండ్‌లో ఒక్కో భాగాన్ని పెంచి తగ్గించే సాధనం) తెరిచి 3 కిలోహెర్ట్జ్ దగ్గర మెల్లగా దించడం మొదలుపెట్టాను. ఒక డీబీ (డెసిబెల్, సౌండ్ కొలత) దించగానే కాస్త నయం. రెండు దించితే ఆ గుచ్చుకోవడం పోయింది. మూడు దించేసరికి మరీ మెత్తబడి పాట కింద అణిగిపోయింది. మళ్లీ అర డీబీ లేపి, ఇప్పుడు కుదిరింది అనుకుని మా తమ్ముణ్ణి పిలిచాను. వాడు వినకముందే స్క్రీన్ వంక చూసి, "అక్కా, ఆ ఈక్యూ ఆఫ్‌లోనే ఉంది కదా" అన్నాడు.

నిజమే, బైపాస్‌లో ఉంది. ఆ పావుగంటలో సౌండ్ రవ్వంత కూడా మారలేదు. కానీ నేను మార్పు విన్నాను. మెత్తబడటం విన్నాను, అణిగిపోవడం విన్నాను. ఎవరైనా అప్పుడు అడిగితే ఒట్టేసి చెప్పేదాన్ని.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే నాకున్నది చెవులొక్కటే. విజయనగరం సంగీత కళాశాలలో వీణ నేర్చుకున్నాను. 1919లో పెట్టిన కాలేజీ అది. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ చెప్పిన చోటు. తర్వాత బతుకుతెరువు కోసం కీబోర్డ్ వైపు వచ్చాను. పిల్లలకి కీబోర్డ్ పాఠాలు చెబుతాను, భక్తి పాటలకీ జానపదాలకీ ఇంట్లోనే ట్రాకులు చేసి, వాటిని సరైన పాళ్లలో కలిపి (మిక్స్ చేసి) ఇస్తాను. శ్రుతి విషయంలో నా చెవి మీద నాకు అనుమానం ఎప్పుడూ రాలేదు. మరి అదే చెవి లేని మార్పుని ఎలా వినిపించింది?

చేతిలో ఉన్న పని కూడా చిన్నది కాదు. పైడితల్లి అమ్మవారి మీద పాట. మా వీధి కుర్రాళ్లు రాయించి, పక్క ఊరి గాయని చేత పాడించారు. దసరా వెళ్లిన తర్వాత వచ్చే మంగళవారం అమ్మవారి సిరిమాను ఉత్సవం. ముందురోజు తొలేళ్లు. ఆ రెండు రోజులూ ఆ పాట మైక్ సెట్లలో మోగాలి. అమ్మవారి పాట, మా ఊరి పాట. అందులో తప్పు వినిపిస్తే నేను తట్టుకోలేను.

పొద్దున్నే లేచి, జరిగింది కాగితం మీద రాసుకున్నాను. పావుగంటలో నేను చేసిందేమిటి? స్క్రీన్ మీద గీత కిందికి వంగుతుంటే దాన్ని చూస్తూ విన్నాను. ఏం వినాలో కన్ను ముందే చెప్పేసింది. దీనికి పేరు పొందిన ప్రయోగం ఒకటుంది. 1976లో మెగర్క్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు ప్రచురించారు. వీడియోలో మనిషి పెదాలు "గ" అంటుంటే, దాని మీద "బ" అనే శబ్దాన్ని పెట్టి వినిపిస్తే, చాలామందికి "ద" అని వినిపిస్తుంది. కళ్లు మూసుకుంటే మళ్లీ "బ" వస్తుంది. చెవి చెడిపోలేదు, కంటి మాట అందులో కలిసిపోతోంది. ఇది చదివాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ఆ రోజు నుంచి నాబ్ తిప్పేటప్పుడు లాప్‌టాప్ మూత సగం దించి, కళ్లు మూసుకుని తిప్పుతున్నాను. తర్వాత బైపాస్ బటన్ మీద వేలు పెట్టి, ఎన్నిసార్లు నొక్కానో లెక్క మర్చిపోయేలా గబగబా నొక్కి, ఏది ఆన్, ఏది ఆఫ్ అన్నది తెలియని స్థితిలో వింటాను. తేడా తెలిస్తే ఉంచుతాను, తెలియకపోతే తీసేస్తాను. ఆ పాటలో అలా పదకొండు ఈక్యూలు పోయాయి.

తర్వాతి అనుమానం హార్మోనియం సౌండ్ మీదే వచ్చింది. అది ఎనిమిది వేలు పెట్టి కొన్న లైబ్రరీ, అంటే అసలు వాద్యాన్ని రికార్డ్ చేసి కంప్యూటర్‌లో వాయించుకునేలా ఇచ్చే సౌండ్లు. బెల్లోస్ కదిలే గాలి చప్పుడుతో సహా రికార్డ్ చేశారు. ఒంటరిగా వాయిస్తే ఎదురుగా హార్మణీ పెట్టె పెట్టుకుని కూర్చున్నట్టే ఉంటుంది. నా పాత యమహా పీఎస్ఆర్ కీబోర్డ్‌లో ఉన్న హార్మోనియం దాని ముందు పలచగా, డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. అందుకే దాన్ని ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పుడు మాత్రం, నేను కొన్న ధరని వింటున్నానా, సౌండ్‌ని వింటున్నానా అన్న ప్రశ్న వచ్చింది.

తమ్ముడి సాయం అడిగాను. ఒకే బాణీని నాలుగు హార్మోనియంల మీద రికార్డ్ చేశాం. కొన్నది, పాత కీబోర్డ్‌ది, ఉచితంగా దొరికేవి రెండు. మీటర్ పెట్టి చూస్తే కొన్న లైబ్రరీ మిగతావాటికంటే దాదాపు 4 డీబీ ఎక్కువ మోగుతోంది. ఇది కీబోర్డ్ వాయించే వాళ్లందరికీ గట్టిగా చెప్పాలనిపించే సంగతి. రెండు సౌండ్లలో ఒకటి ఒక్క డీబీ ఎక్కువున్నా, మనకి "ఇది గట్టిగా ఉంది" అనిపించదు, "ఇది బాగుంది, ఇది క్లియర్‌గా ఉంది" అనిపిస్తుంది. షాపులో కీబోర్డులు పోల్చేటప్పుడూ ఇదే జరుగుతుంది. పైగా ప్యాచ్‌లకి (కీబోర్డ్‌లో ఉండే సౌండ్లకి) రివర్బ్ అనే ప్రతిధ్వని, కోరస్ అనే ఎఫెక్ట్ ముందే తగిలించి ఉంటాయి, ఒంటరిగా వాయించినప్పుడు నిండుగా అనిపించడానికి. పాటలో పెట్టాక ఆ నిండుతనమే అడ్డం వస్తుంది.

నాలుగింటినీ ఒకే లెవెల్‌కి తెచ్చి, రివర్బ్‌లు తీసేసి, డప్పులూ గొంతూ ఉన్న పూర్తి పాటలో ఒక్కోదాన్నీ పెట్టి తమ్ముడు ఫైళ్లు చేశాడు. పేర్లు లేవు, అంకెలే. వరస మార్చి మార్చి వినిపించాడు. ప్రతిసారీ నేను ఒకే ప్రశ్నకి జవాబు రాయాలి: దేనితో పాట మాటలు తేటగా వినిపిస్తున్నాయి? పదిసార్లు జరిగింది. చీటీలు విప్పి చూస్తే ఏడుసార్లు నేను ఎంచుకున్నది పాత కీబోర్డ్‌ని.

కొన్నదాంట్లో కింద 200, 300 హెర్ట్జ్ దగ్గర బొంగురుగా ఒక నిండుతనం ఉంది. డప్పు ఒళ్లూ అక్కడే ఉంది, గొంతులో కింది భాగమూ అక్కడే ఉంది. ముగ్గురూ ఒకే గుమ్మంలో ఇరుక్కున్నారు. పాత ప్యాచ్ పలచన కాబట్టి పక్కకి తప్పుకుంది. ఒంటరిగా వింటే లోపం, పాటలో వింటే అదే గుణం. ఎనిమిది వేలు దండగ అని బాధపడలేదు. ఒక్క తంబూరా, ఒక్క గొంతు ఉన్న పాటకి అది అద్భుతంగా ఉంటుంది, తర్వాత వాడాను కూడా.

ఈ పరీక్ష నాకు వీణ క్లాసుని గుర్తుచేసింది. మొదటి ఆరు నెలలూ మాస్టారు మా చేత పెద్దగా ఏమీ వాయించనివ్వలేదు. సారణి తీగనీ (షడ్జం, అంటే స) పంచమం తీగనీ (ప) కలిపి మీటమనేవారు. మీటాక ఆగమనేవారు. రెండూ సరిగ్గా కలవకపోతే నాదంలో ఒక అల లేస్తుంది, ఊఁ ఊఁ ఊఁ అని. బిరడ రవ్వంత తిప్పితే అల నెమ్మదిస్తుంది. ఇంకా తిప్పితే మరింత నెమ్మదిస్తుంది. ఒక చోట అల ఆగిపోయి నాదం గాజు పలకలా నిలబడుతుంది. అక్కడ చెయ్యి తీసెయ్యాలి. "వీణ బాగుందా లేదా అని వినకు. అల ఉందా లేదా, అంతే విను" అనేవారు. పన్నెండేళ్ల తర్వాత, తమ్ముడి చీటీలు ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు ఆ మాట పూర్తిగా అర్థమైంది. శ్రుతిలో నా చెవి తప్పు చేయకపోవడానికి కారణం నా చెవి గొప్పది కావడం కాదు. అక్కడ నేను దాన్ని ఒక్క ప్రశ్నే అడుగుతాను. మిక్స్‌లో మాత్రం "బాగుందా?" అని అడుగుతూ వచ్చాను. ఆ ప్రశ్నకి చెవి దగ్గర జవాబు ఉండదు.

అదే వారంలో దీనికి ఇంకో రుజువు దొరికింది, ఈసారి స్క్రీన్ కంటే చెవే నిజం చెప్పింది. గాయనిది ఆరు శ్రుతి. అంటే షడ్జం 220 హెర్ట్జ్. ఆమె తంబూరా మాత్రమే హెడ్‌ఫోన్స్‌లో పెట్టుకుని పాడింది. పాటలో అంతర గాంధారం (పై గ) మీద నిలిచే చోటు ఒకటుంది, "తల్లీ" అని పిలిచి ఆగుతుంది. అక్కడ నాకు ఒళ్లు జలదరించేది. హార్మోనియం కలిపాక మాత్రం అదే చోట ఏదో చిరాకు. మిక్సింగ్ చేసే స్నేహితుడికి పంపితే, గాంధారం 13 సెంట్లు (పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు) తక్కువ పాడింది, ట్యూనర్‌లో స్పష్టంగా కనిపిస్తోంది, పిచ్ కరెక్షన్ వేసి లాగెయ్ అన్నాడు.

కర్సర్ ఆ ఒక్క చోట పెట్టి, కళ్లు మూసుకుని, మాస్టారి ప్రశ్న వేసుకున్నాను. గొంతూ తంబూరా మాత్రమే విన్నాను. అల లేదు. హార్మోనియం, తంబూరా విన్నాను. అల ఉంది, బాగా వేగంగా, గరగరమన్నట్టు. తేడా హార్మోనియంలో ఉంది, ఆమె గొంతులో కాదు.

లెక్క వేస్తే కూడా అంతే తేలింది. తంబూరా నాదంలోంచి సహజంగా పుట్టే గాంధారం షడ్జానికి అయిదు బై నాలుగు వంతు, అంటే 275 హెర్ట్జ్. కీబోర్డ్‌లో పన్నెండు మెట్లూ సమానంగా పంచుతారు కాబట్టి అక్కడ గాంధారం 277.18 దగ్గర ఉంటుంది. దాదాపు 14 సెంట్లు ఎక్కువ. తంబూరా షడ్జంలో 1100 హెర్ట్జ్ దగ్గర ఒక అనుస్వరం (మూలస్వరంతో పాటు దాని పైన సన్నగా పలికే స్వరం) ఉంటుంది. కీబోర్డ్ గాంధారపు అనుస్వరం 1108.7 దగ్గర పడుతుంది. రెండూ కొట్టుకుని సెకనుకి ఎనిమిది తొమ్మిది అలలు. నా చెవికి గరగరమన్నది అదే. పెద్ద వాద్యబృందంతో, గిటార్లూ పియానోలతో నిండిన పాటైతే కీబోర్డ్ గాంధారమే అందరికీ ఒప్పు. ఇక్కడ తంబూరా పాటంతా మోగుతోంది కాబట్టి ఆమెదే ఒప్పు. నేను గొంతు జోలికి పోలేదు. హార్మోనియంలో ఆ గాంధారం వచ్చిన చోటల్లా 14 సెంట్లు దించాను. "తల్లీ" దగ్గర నాదం మళ్లీ గాజు పలకలా నిలబడింది. నిజం చెప్పాలంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

గది సంగతి ఇంకోలా బయటపడింది. నా గది పది అడుగులు బై పన్నెండు. పన్నెండు అడుగుల పొడవున్న గోడకి టేబుల్ ఆనించి, స్పీకర్లు దాని మీద పెట్టి, కుర్చీలో కూర్చుంటే నేను సరిగ్గా ఆ పది అడుగుల నడుమ ఉంటాను. బేస్‌లో షడ్జం ఎంత పెంచినా ఆనడం లేదు. పంచమం వచ్చేసరికి మాత్రం నిండుగా మోగుతోంది. షడ్జం నోట్లన్నీ వెతికి వెతికి పెంచుతూ పోయాను. ఒక మధ్యాహ్నం పాట మోగుతుండగానే మంచినీళ్ల కోసం లేచి వెనక గోడ పక్కనున్న గుమ్మం దాకా వెళ్లాను. అక్కడ షడ్జం గుండెల మీద గుద్దినట్టు తగిలింది. కుర్చీ దగ్గరికి వస్తే మాయం. మళ్లీ గోడ దగ్గరికి వెళ్తే గుబగుబ. గదిలో అటూ ఇటూ ఆరేడుసార్లు నడిచాను.

ఎదురెదురు గోడల మధ్య శబ్దం వెళ్లి వచ్చి నిలిచిపోయే ఒక స్వరం ప్రతి గదికీ ఉంటుంది. పది అడుగుల దూరానికి అది దాదాపు 56 హెర్ట్జ్. గోడల దగ్గర పొంగుతుంది, సరిగ్గా నడిమధ్యలో సున్న అవుతుంది. ఆరు శ్రుతిలో బేస్ షడ్జం 55 హెర్ట్జ్. అంటే నా పాటకి ఆధార స్వరం ఏదో, నా కుర్చీ దగ్గర వినిపించనిది సరిగ్గా అదే. ఇక్కడ చెవి ఉన్నదున్నట్టే చెప్పింది, నేనే దాన్ని తప్పు చోట కూర్చోబెట్టాను. కుర్చీని అడుగున్నర ముందుకి జరిపాను, పెంచిన షడ్జాలన్నీ మళ్లీ దించాను. పరుపు తెచ్చి గోడకి నిలబెడితే పోతుందని కొందరు చెప్పారు. పెట్టి చూశాను, పైన కీచుదనం తగ్గింది కానీ ఈ బేస్ గొడవకి అది ఆనదు.

ఫ్యాన్ సంగతి కూడా చెప్పాలి. మా వైపు దసరా రోజుల్లో కూడా ఉక్కపోత, ఫ్యాన్ లేకుండా కూర్చోలేం. ఒక సాయంత్రం కరెంటు పోయింది. స్పీకర్లు ఆగిపోయాయి, లాప్‌టాప్ బ్యాటరీ మీద హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పని కొనసాగించాను. ఫ్యాన్ హోరు లేని ఆ నిశ్శబ్దంలో, గొంతు మీద నేను వేసిన రివర్బ్ గుహలో పాడినట్టు వినిపించింది. పదాలు ఆగినా తోక ఆగడం లేదు. అన్నాళ్లూ ఆ తోకని ఫ్యాన్ గాలి కప్పేసింది, నేను చాలలేదనుకుని పెంచుతూ పోయాను. సగానికి పైగా తగ్గించాను. ఇప్పుడు రివర్బ్, సైలెన్స్, పదాల చివర్లు చూసేటప్పుడు ఫ్యాన్ ఆపేస్తాను. చెమటలు పట్టినా పది నిమిషాలే కదా.

వాల్యూమ్ కూడా ఒక చోట కట్టేశాను. స్పీకర్ నాబ్ పక్కన స్కెచ్ పెన్నుతో గీత గీశాను. పక్కన మనిషి ఉంటే గొంతు పెంచకుండా మాట్లాడుకోగలిగేంత సౌండ్ అది. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే ఈ విషయం కొలిచి చూపించారు: సౌండ్ తక్కువైతే చెవికి కింది స్వరాలు బాగా తగ్గిపోతాయి, పెంచితే పైకి తేలతాయి. నాబ్ కదిపిన ప్రతిసారీ మిక్స్ మారిపోయినట్టు అనిపించడం అందుకే. రాత్రి పదకొండు తర్వాత వేసిన నిర్ణయాలు పొద్దున్న వింటే సగం తప్పుగా ఉంటున్నాయని కూడా గమనించాను. అలిసిన చెవికి పైస్వరాలు ఆనవు, అందుకని ఎక్కువ వేసేస్తాను. ఇప్పుడు రాత్రిళ్లు ఎడిటింగే, మిక్సింగ్ పొద్దున్న.

ఇంత చేశాక, తొలేళ్లకి నాలుగు రోజుల ముందు పెన్ డ్రైవ్ పట్టుకుని మైక్ సెట్ ఆయన దగ్గరికి వెళ్లాను. ఇది మొదటి రోజే చేయాల్సిన పని. హారన్ ఒకటి బయట స్తంభానికి కట్టి ఉంది. పాట వేశాడు. సగం వినకుండానే, "ఏటమ్మా, హార్మణీ ఎట్టేనన్నావు, ఏదీ? సన్నాయొకటే ఇనబడతంది" అన్నాడు.

నిజంగానే హార్మోనియం లేదు. హెడ్‌ఫోన్స్‌లో విశాలంగా పరుచుకుంటుందని దానికి స్టీరియో వైడ్‌నర్ వేశాను. అది కుడి ఎడమల్లో ఒకదానికొకటి ఎదురు తిరిగే అలల్ని పెడుతుంది. హారన్‌కి వెళ్లేది మోనో, అంటే కుడి ఎడమలు కలిపేసిన ఒకే సౌండ్. రెండూ కలవగానే ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. బేస్ కూడా లేదు, హారన్‌లో ఆ కింది స్వరాలు రావు. గాంధారం కోసం అన్ని గంటలు కూర్చున్నాను, మైక్ సెట్ కోసం చేస్తున్న పాటని ఒక్కసారి కూడా మోనోలో వినలేదు. చాలా సిగ్గుగా అనిపించింది. ఆయన కుర్చీ వేసి టీ తెప్పించి, "నాలుగు రోజులుంది కదమ్మా" అన్నాడు. ఆ మాట ఎప్పటికీ మర్చిపోను.

ఇంటికొచ్చి వైడ్‌నర్ పీకేశాను. హార్మోనియం నడిమధ్యకి వచ్చింది. మోనో బటన్ నొక్కి, ఒకే ఒక్క స్పీకర్‌తో, పక్క గదిలో నిలబడి విన్నాను. ఒకసారికి ఒకే ప్రశ్న. మాటలు అర్థమవుతున్నాయా? డప్పు దరువు తెలుస్తోందా? హార్మోనియం ఎక్కడుందో చెప్పగలనా? బేస్‌కి కొంచెం డిస్టార్షన్ వేశాను. దాంతో 55 హెర్ట్జ్ స్వరానికి పైన అనుస్వరాలు గట్టిపడతాయి, హారన్ వాటిని పలికిస్తుంది. మూలస్వరం లేకపోయినా దాని అనుస్వరాలు వరసగా వినిపిస్తే చెవి మూలాన్ని తానే పూరించుకుంటుంది. సన్నాయి ప్యాచ్‌ని రెండు డీబీ దించాను. మర్నాడు పొద్దున్న మళ్లీ ఆయన దగ్గరికి వెళ్లాను. ఈసారి ఆయన ఏమీ అనలేదు. పాట అయ్యాక మళ్లీ వేశాడు.

సిరిమాను రోజు మూడు లాంతర్ల కూడలి వైపు జనం కిటకిటలాడుతున్నారు. నేను తమ్ముడితో రెండు వీధుల అవతల ఒక అరుగు మీద నిలబడ్డాను. దూరంగా ఏదో స్తంభానికి కట్టిన హారన్‌లోంచి పాట వచ్చింది. జనం హోరులో బేస్ ఉందో లేదో చెప్పలేను కానీ షడ్జం తెలుస్తోంది. హార్మోనియం ఉంది. "తల్లీ" అన్న చోట గాంధారం ఆ హారన్‌లో కూడా కదలకుండా నిలబడింది. పక్కనున్న ఒక ముసలమ్మ చేతులు జోడించి కోట వైపు తిరిగింది.

రెండో చరణంలో సన్నాయి ఇంకా ఒక డీబీ ఎక్కువే ఉంది. ఇంటికొచ్చి ఫ్యాన్ ఆపి, గీత దగ్గర నాబ్ పెట్టి, ఆ చరణం మళ్లీ విన్నాను. అవును, ఎక్కువే. దించి సేవ్ చేశాను. ఈ ఏడాది మైక్ సెట్ ఆయనకి ఇవ్వాల్సింది ఆ ఫైలే.